ఆమె కాళ్లు పట్టడానికి రాలేదు

"కాళ్లు పట్టే అమ్మాయొచ్చింది, తలుపు తియ్యవే."

నాలుగు నెలల పాటు మా ఇంట్లో రోజూ పొద్దున్న ఏడున్నరకి వినబడిన మాట ఇది. అన్నది మా పెద్దమ్మ. విని ఊరుకున్నది నేను. తెలుగు నవలల్లో స్త్రీల శ్రమ గురించి ఐదేళ్లు పరిశోధన చేసి, డాక్టరేటు పుచ్చుకుని, సెమినార్లలో 'కనిపించని చాకిరీ' గురించి గంటలకొద్దీ మాట్లాడే నేను. అందుకే ఈ వ్యాసంలో వేలు ముందు నావైపే చూపించుకుంటున్నాను. మిగతావాళ్ల సంగతి తర్వాత.

మా అమ్మకి అరవై ఒకటో ఏట పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు పదకొండు రోజులుంచుకుని ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితంలో మందుల జాబితా పేజీన్నర ఉంది. చివర్లో ఒక్క ముక్క, ఫిజియోథెరపీ చేయించండి అని. ఎన్నాళ్లు చేయించాలో, దేనికోసం చేయించాలో లేదు. ఇళ్లకి థెరపిస్టులను పంపే ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని పంపారు. బీపీటీ పూర్తయి అప్పటికి ఏడాదిన్నర. తన పేరు రాయొద్దంది కనక రాయడం లేదు.

మొదటిరోజు ఆ అమ్మాయి ముప్పావుగంట సేపు ప్రశ్నలడిగింది. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు ఒక్కొక్కటీ ఎంతవరకు కదులుతున్నాయో, ఎక్కడ బిగుసుకుంటున్నాయో చూసి పుస్తకంలో అంకెలు వేసుకుంది. మా తమ్ముడు అమ్మని లేపడానికి ఎడమ చెయ్యి పట్టుకుని లాగబోతే గట్టిగా ఆపింది. "అలా లాగొద్దు సార్. కండరాలకి పట్టు లేదు, భుజం కీలు జారుతుంది. ఆ నొప్పి మొదలైతే ఆంటీ ఇక చెయ్యే కదపనివ్వరు" అంది. ఆసుపత్రిలో పదకొండు రోజులూ అందరూ ఆ చెయ్యి పట్టుకునే లేపారు.

తర్వాత అమ్మని అడిగింది: "ఈ చేత్తో మళ్లీ మీకు ఏం చేసుకోవాలనుంది ఆంటీ?"

ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు. అమ్మ కాసేపు ఆలోచించి, "నా జడ నేనే వేసుకోవాలమ్మా" అంది.

జడ వేసుకోవడం ఎంత పనో నాకు ఆవేళ తెలిసింది. రెండు చేతులూ తల వెనక్కి వెళ్లాలి. కంటికి కనపడని మూడు పాయల్ని వేళ్లు విడదీసి పట్టుకోవాలి. అంతసేపూ భుజాలు ఆ ఎత్తున నిలవాలి. ఆ అమ్మాయి ఈ పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టింది. తువ్వాలు మీద చెయ్యి ఉంచి బల్ల మీద ముందుకీ వెనక్కీ జరపడం, గోడ మీద వేళ్లు పైకి పాకించడం, పళ్లెంలో కలిపి పోసిన శనగలూ బొబ్బర్లూ వేరుచెయ్యడం, పూలు కట్టే దారాన్ని ఎడమ వేళ్లతో బిగించి పట్టుకోవడం. దెబ్బతిన్న మెదడు కొత్తగా నేర్చుకోవాలంటే మనిషి తనకి అవసరమైన పనిని తానే పూనుకుని వందలసార్లు చెయ్యాలట. మొదటి కొన్ని నెలల్లో ఆ అవకాశం ఎక్కువట. ఇంకొకరు నూనె రాసి ఒత్తినంత మాత్రాన చెయ్యి రాదట.

మా పెద్దమ్మకి ఇదంతా మోసంగా కనిపించింది. "గట్టిగా మర్దనా చెయ్యదేం? కరెంటు పెట్టదేం? జబ్బు మనిషి చేత పప్పులు ఏరించడానికా రోజుకి అన్ని డబ్బులు?"

'కాళ్లు పట్టడం' అన్న మాటని ఒకసారి చూడండి. కాళ్లు పట్టడమంటే ఊడిగం చెయ్యడం. కాళ్లు పట్టుకోవడమంటే లొంగిపోయి బతిమాలడం. ఇంకొకరి ఒంటిని తాకే పనిని తెలుగు తలవంపులతో కలిపి ముడేసింది. ఈ ముడి వెనక కులం ఉంది. పురుడు పోసే పని, ఒళ్లు పట్టే పని, పుళ్లు కడిగి కట్టు కట్టే పని మంగలి కులంవాళ్లకి, ఆ కులం ఆడవాళ్లకి, దళిత స్త్రీలకి అప్పగించి, వాళ్ల చేతుల్లో ఉన్న జ్ఞానాన్ని జ్ఞానమే కాదన్న సమాజం మనది. ఇవాళ ఆ పనికి దగ్గరి పనిని ఒక అమ్మాయి అనాటమీ, ఫిజియాలజీ, న్యూరాలజీ చదివి డిగ్రీ తీసుకుని వచ్చి చేస్తోంది. చూపు మాత్రం పాతదే. ఆ అమ్మాయి 'ఎవరో' మా పెద్దమ్మ రెండోరోజే ఆరా తీసింది. ఆసుపత్రిలో న్యూరాలజిస్టు కులం మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఈ చూపు మన ఒక్కరిదే కాదు. 1894లో ఇంగ్లండులో మసాజ్ పేరుతో వ్యభిచార గృహాలు నడుస్తున్నాయని బ్రిటిష్ మెడికల్ జర్నల్ పెద్ద దుమారం లేపింది. ఆ ఏడాదే రోజలిండ్ పాజెట్, లూసీ రాబిన్సన్ మొదలైన నలుగురు స్త్రీలు కలిసి శిక్షణ పొందిన మసాజ్ స్త్రీల సంఘం పెట్టారు. తమ పని వైద్యమనీ, తాము గౌరవనీయులమనీ రుజువు చేసుకోవడానికి వాళ్లు పెట్టుకున్న నియమాల్లో ముఖ్యమైనది, డాక్టరు చెప్పనిదే ఏ రోగికీ చికిత్స చెయ్యకూడదన్నది. ఆ సంఘమే 1944 నాటికి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అయింది. అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకి చికిత్స చేసిన స్త్రీలు మేరీ మెక్‌మిలన్ నాయకత్వంలో 1921లో తమ సంఘం పెట్టుకున్నారు. ఆ రెండు దేశాల్లోనూ ఈ వృత్తికి పునాది వేసింది ఆడవాళ్లే. పునాదిలోనే ఒక బేరం కూడా ఉంది. మీరు మా శీలాన్ని శంకించకండి, మేం మీ మాట జవదాటం. ఆ 'మీరు' ఎవరో, 'మేం' ఎవరో ఈ పత్రిక చదివేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దేశంలో మొదటి ఫిజియోథెరపీ స్కూలు 1953లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో వచ్చింది. దేశమంతటికీ ఈ వృత్తిని నియంత్రించే ఒక చట్టం రావడానికి 2021 దాకా పట్టింది. అంటే 68 ఏళ్లు. అన్నాళ్లూ ఎంత జీతమివ్వాలి, ఇంటర్న్‌షిప్పులో ఏం నేర్పాలి, ఎవరి పర్యవేక్షణలో పనిచెయ్యాలి అన్నవి చాలావరకు కాలేజీ యజమానుల, ఆసుపత్రి యజమానుల దయాదాక్షిణ్యాలకే వదిలేశారు.

ఆ దయ ఎలాంటిదో ఆ అమ్మాయి అనుభవం చెబుతుంది. చదువుకి తండ్రి అప్పు చేశాడు. ఆరు నెలల ఇంటర్న్‌షిప్పులో పైసా స్టైపెండు లేదు. మొదటి ఉద్యోగం ఒక మోస్తరు ఆసుపత్రిలో, నెలకి 14,000. చేరేముందు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నారు, మధ్యలో మానేస్తే ఇవ్వమన్నారు. రోజుకి ఇరవై అయిదు మంది రోగులు. "పావుగంటలో ఏం చూస్తాం అక్కా? ఒకరికి కరెంటు పెట్టి, ఇంకొకరికి అల్ట్రాసౌండు పెట్టి, మూడోవాళ్ల మోకాలు వంచుతాం" అంది. మన పెద్దమ్మలందరికీ 'కరెంటు పెట్టడమే' ఫిజియోథెరపీ అని ఎవరు నేర్పారో నాకప్పుడు అర్థమైంది. యంత్రమైతే ఒక్క జీతంతో నలుగురు రోగులకి బిల్లు వెయ్యొచ్చు. పరీక్షించడం, ఆలోచించడం, నేర్పడం, ఓపిగ్గా కాచుకోవడం, వీటికి బిల్లులో గడి లేదు. చీటీ మీద డాక్టరు ఏ యంత్రం, ఎన్ని రోజులు అని రాసిస్తాడు. అది ఈ రోగికి పనికిరాదని ఈమెకి తెలిసినా, "నువ్వు చెప్పేదేంటి?" అని సీనియర్లే అంటారు. నాలుగేళ్లు చదువుకున్నదాన్ని మొదటి ఉద్యోగంలోనే మరిచిపొమ్మనడం ఇది.

పేరు ముందు 'డాక్టర్' గొడవ గురించి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళిక, ఫిజియోథెరపిస్టులు పేరుకి ముందు 'డాక్టర్' అనీ, చివర 'పీటీ' అనీ రాసుకోవచ్చంది. సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరు జనరల్ కార్యాలయం అలా రాసుకోకూడదని ఉత్తరం ఇచ్చింది. ఇంకా పరిశీలించాల్సి ఉందంటూ మర్నాడే ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. రోగులు పొరబడతారన్నది వైద్యుల వాదన. అది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. నడుంనొప్పి వెనక క్యాన్సరు ఉండొచ్చు, విరిగిన వెన్నుపూస ఉండొచ్చు. ఎవరి దగ్గరికి వెళ్తున్నారో రోగికి స్పష్టంగా తెలియాలి.

కానీ మా ఇంట్లో జరిగింది వినండి. ఆరోవారంలో ఒకరోజు ఆ అమ్మాయి అమ్మ ఎడమ పిక్క చూసి ఆగిపోయింది. కొంచెం వాచింది, రెండో కాలి కంటే వెచ్చగా ఉంది. "ఇవాళ ఏమీ చేయించను. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి" అంది. పని ఎగ్గొట్టడానికి వంక అనుకున్నాం. ఏజెన్సీకి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా చేశాం. సాయంత్రానికి స్కాన్‌లో గడ్డ బయటపడింది. "టైముకి తీసుకొచ్చారు, మంచి పని చేశారు" అని డాక్టరుగారు నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాది కాదని నేను చెప్పలేదు.

నవలల మీద థీసిస్ రాసిన నేను పేరు ముందు 'డా.' అని పెట్టుకుంటాను. ఏ కార్యాలయమూ నాకు ఉత్తరం రాయలేదు. నా 'డా.' వల్ల ఎవరి కాలూ మిగలలేదు, ఎవరి ప్రాణమూ నిలవలేదు. ఆ రెండక్షరాలు ఆ అమ్మాయికి ఇవ్వాలని నేను పట్టుబట్టడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. రెండక్షరాల కోసం రెండు రోజుల్లో రెండు ఉత్తరాలు కదిలిన దేశంలో, స్టైపెండు గురించి, దాచేసుకున్న సర్టిఫికెట్ల గురించి, రోజుకి పాతికమంది రోగుల గురించి అంత చురుగ్గా ఉత్తరాలు ఎందుకు కదలవు? ఈ వృత్తి సంఘాల పెద్దలు కూడా బోర్డు మీద అక్షరాల కోసం చేసినంత పోరాటం ఆ బోర్డు కింద పనిచేసే పిల్లల జీతం కోసం ఎందుకు చెయ్యరు?

ఇక ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం. ఈ వృత్తిలో తాకకుండా పని జరగదు. భుజం పట్టుకోవాలి, తుంటి పట్టి నిలబెట్టాలి, రోగి బరువు తన ఒంటి మీద వేసుకోవాలి. రోగి ఒంటిమీద ఎంతవరకు బట్ట తొలగించాలి, ముందుగా అనుమతి ఎలా అడగాలి, ఇవన్నీ కాలేజీలో నేర్పారట. రోగే చెయ్యి వేస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ఒక ఇంట్లో మోకాలి ఆపరేషన్ అయిన పెద్దమనిషి, కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్లే టైముకే రమ్మనేవాడు. మూడోరోజు ఆ అమ్మాయి సంచి సర్దుకుని బయటికొచ్చేసింది. ఏజెన్సీ మేనేజరు అన్న మాట: "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదమ్మా."

ఈ సామెతని మనం ఎన్నిసార్లు సరదాగా వాడి ఉంటామో గుర్తుచేసుకోండి. పనికి ఒప్పుకున్న ఆడది పనితోపాటు అవమానానికి కూడా ఒప్పుకున్నట్టేనన్నది దీని అసలు అర్థం.

మేనేజరుకి తెలియనిదీ, ఆ అమ్మాయికి ఎవరూ చెప్పనిదీ ఒకటుంది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ఉద్యోగం కోసం వెళ్లే ఏ చోటైనా పనిచేసే చోటే. రోగి పడగ్గది కూడా అందులోకే వస్తుంది. ట్రైనీ అయినా, కాంట్రాక్టు మనిషి అయినా, ఏజెన్సీ ద్వారా వచ్చిన మనిషి అయినా ఆ చట్టం కింద ఉద్యోగే. పనిలో ఎదురయ్యే బయటివాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించడం 19వ సెక్షన్ ప్రకారం యజమాని బాధ్యత. పదిమంది కంటే తక్కువున్న సంస్థ అయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో జూనియర్ డాక్టరు హత్యాచారం తర్వాత ఆసుపత్రుల్లో భద్రత గురించి దేశమంతా మాట్లాడింది. మాట్లాడి తీరాలి. కానీ ఆసుపత్రికి గేటు ఉంటుంది, కెమెరా ఉంటుంది, పక్కన ఇంకో నర్సు ఉంటుంది. స్కూటీ మీద రోజుకి ఆరిళ్లు తిరిగే అమ్మాయికి ప్రతి ఇంటి తలుపూ లోపలినుంచే గడియ పడుతుంది.

ఇప్పుడు మళ్లీ నా వంతు. ఏజెన్సీ రోజుకి 600 అడిగింది. నెల మొత్తానికి మాట్లాడుకుంటాం కదా అని నేను 500కి దింపాను. బేరం గెలిచానని ఆ రాత్రి స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పుకున్నాను కూడా. తర్వాత తెలిసింది, ఏజెన్సీ తన 200 ఎప్పుడూ వదులుకోదని. నేను తగ్గించిన 100 ఆ అమ్మాయి వాటాలోంచి తగ్గింది. 400 రావలసిన చోట 300. పెట్రోలు ఆమెదే.

మనం ఇంటి చాకిరీకి విలువ కట్టాలని రాశాం. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల సమ్మెలకి వెళ్లి కూర్చున్నాం. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే అమ్మాయిల నవ్వు కూడా శ్రమేనని సిద్ధాంతం చేస్తే, దాన్ని మన థీసిస్‌లలో వాడుకున్నాం. కానీ మన ఇంటి గడప దాటి లోపలికొచ్చి, మన అమ్మ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్న నైపుణ్యం దగ్గర మాత్రం కూరల బండి దగ్గర చేసినట్టు బేరమాడాం. జబ్బు గురించి సాహిత్యం మాట్లాడదని 1926లోనే వర్జీనియా ఉల్ఫ్ ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత జబ్బు చాలానే సాహిత్యంలోకి వచ్చింది. మన కథల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, మంత్రసానులున్నారు. పడిపోయిన మనిషిని మళ్లీ నిలబెట్టే ఈ అమ్మాయి మాత్రం నేను చదివిన కథల్లో నాకు తారసపడలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నాలుగో నెలలో అమ్మ గోడ పట్టుకోకుండా నడిచింది. కుడిచేత్తో స్టవ్ వెలిగించి నాన్నకి కాఫీ కలిపి ఇచ్చింది. ఇల్లంతా పండగ చేసుకున్నాం. ఆ వారమే నాన్న అన్నారు, "ఇంక ఆ అమ్మాయి ఎందుకులే, మీ అమ్మ మామూలైపోయిందిగా" అని. ఆడదాని ఒళ్లు బాగుపడిందనడానికి మన ఇళ్లలో కొలబద్ద వంటగదే. స్టవ్ వెలిగితే జబ్బు నయమైనట్టే. ఆ అమ్మాయి ఒక్కతే వాదించింది. "చెయ్యి ఇప్పుడిప్పుడే చెవిదాకా లేస్తోంది సార్. ఇంకో మూడు నెలలు చేయిస్తే జడ వేసుకోగలుగుతారేమో. ఇక్కడ ఆపకండి." ఎదిగిన పిల్లలం నలుగురం ఉండి అమ్మ కోరిక గుర్తుపెట్టుకున్నది బయటినుంచి వచ్చిన ఆ పిల్ల ఒక్కతే. మేం ఆపేశాం. ఆపిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆర్నెల్ల తర్వాత నాకు బుద్ధొచ్చి ఫోన్ చేశాను. ఆమె అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోచింగ్ పూర్తిచేసి ఒక కంపెనీలో చేరిపోయింది. అమెరికా రోగుల జబ్బులకీ చికిత్సలకీ అంకెల కోడ్‌లు వేసి బీమా బిల్లులకి సిద్ధంచేసే పని. ఆసుపత్రిలో వచ్చిన దానికి దాదాపు రెట్టింపు జీతం, కంపెనీ క్యాబ్, గడియ పడే తలుపులు లేవు. "బొటనవేళ్ల నొప్పి, నడుంనొప్పి కూడా తగ్గాయక్కా" అని నవ్వింది. ఇతరుల నొప్పులు తీసే ఈ వృత్తిలో నడుమూ బొటనవేళ్లూ ముందు అరిగిపోతాయని అప్పుడే తెలిసింది. "నువ్వు వదిలేసి ఉండకూడదు" అనబోయి నోరు మూసుకున్నాను. 100 రూపాయలు తగ్గించిన మనిషికి ఆ మాట అనే హక్కు లేదు.

వైద్యవృత్తిలో మొదటి అయిదేళ్లు చాలా విలువైనవి. పుస్తకంలో చదివింది చేతిలోకి దిగేది అప్పుడే. ఆ అయిదేళ్లలో అనుభవమున్న మనిషి పక్కనుండి తప్పొప్పులు చెప్పాలి, బతకడానికి సరిపోయే జీతం ఉండాలి, కాదనే హక్కు ఉండాలి. ఈ మూడూ లేకపోతే మిగిలేది యంత్రం మీట నొక్కేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు.

కాబట్టి ఇవి నా డిమాండ్లు. ఇంటర్న్‌షిప్పుకి స్టైపెండు ఇవ్వని కాలేజీకి అనుమతి ఇవ్వకూడదు. సర్టిఫికెట్లు తాకట్టు పెట్టించుకునే ఆసుపత్రుల మీద చర్య తీసుకోవాలి. 2021 చట్టం కింద ఏర్పడే రాష్ట్ర కౌన్సిళ్లు రిజిస్టర్లో పేర్లు రాసుకోవడంతో ఆగకుండా కనీస వేతనం గురించి, ఒక్కొక్కరికి ఎంతమంది రోగులన్న దాని గురించి మాట్లాడాలి. ఇళ్లకి మనుషుల్ని పంపే ప్రతి ఏజెన్సీ, తాను వేధింపుల నిరోధక చట్టం కింద యజమానినని ఒప్పుకుని సంతకం చెయ్యాలి.

ఇవి ప్రభుత్వానికి. మనకి మనం చెప్పుకోవలసింది వేరే ఉంది. ఆ అమ్మాయి ఇంటికొస్తే పేరడుగుదాం, ఆ పేరుతోనే పిలుద్దాం. ఆమె వాటా ఎంతో కనుక్కుని దానిలోంచి తగ్గించకుండా ఇద్దాం. ఇంట్లో ఒంటరి మగరోగి ఉంటే ఆ గంటసేపు ఇంకొకరం ఇంట్లో ఉందాం. మన పెద్దమ్మ నోట 'కాళ్లు పట్టే అమ్మాయి' అని వినబడితే, పెద్దావిడ కదా అని ఊరుకోకుండా అప్పటికప్పుడు సరిదిద్దుదాం.

మా అమ్మ జడ ఇప్పటికీ నేనే వేస్తున్నాను. చిక్కు తీస్తుంటే అప్పుడప్పుడు అడుగుతుంది, "ఆ పిల్ల మళ్లీ వస్తుందంటావా?" అని. రాదమ్మా అని చెబుతాను. ఎందుకు రాదో పూర్తిగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాశాను.